తగ్గని రెండున్నర కిలోలు

“ఎనభై నాలుగున్నర,” అన్నాడు నరసన్న.

నడవా మధ్యలో పెట్టిన కాటా మీద నిలబడ్డ రంగనాయకులు కిందికి చూడలేదు.

“మళ్ళీ చూడు.”

“మూడుసార్లు సూసినా సావుకారీ. కావాలంటే పంచెకు అరకిలో తరుగు తీసేద్దాం.”

“ఆసుపత్రోళ్ళు తీస్తారా తరుగు?”

నరసన్న మళ్ళీ కాటా వైపు వంగాడు. పాతికేళ్ళుగా మండీలో పత్తి మూటలు తూచే మనిషి. యజమానిని తూచే పని ఈ రెండు నెలల్లోనే మీద పడింది. పొద్దున్నే మండీ కాటా ఇంటికి మోసుకురమ్మన్నప్పుడే అతనికి తెలిసింది, ఈరోజు ఈ ఇంట్లో ఎవరికో మూడిందని.

ఇంట్లో ఉన్న చిన్న మిషను అబద్ధం చెప్తోందని రంగనాయకులు నమ్మకం. అందుకే పెద్ద కాటా తెప్పించాడు. పెద్ద కాటా కూడా అదే మాట అంది.

వినాయక చవితికి తొంభై. దసరాకు ఎనభై నాలుగు. అక్కడి నుంచి ఇరవై రోజులు రోజూ తెల్లారేసరికి రణమండల కొండ మెట్లెక్కి దిగాడు. రెండు పూటలా జొన్నరొట్టె, ఆకుకూర తిన్నాడు. ఆయుధ పూజకు జిన్నింగు మిల్లుల వాళ్ళు పంపిన లడ్డూ పొట్లాలు విప్పకుండానే హమాలీలకు పంచేశాడు. దీపావళికి లక్ష్మీపూజ చేసి నైవేద్యం కళ్ళకద్దుకుని పక్కన పెట్టాడు. ఇంత చేస్తే కాటా అరకిలో పైకెక్కింది.

బెంగళూరు డాక్టరు చెప్పిన అంకె ఎనభై రెండు. “మీ కాలేయంలో కొవ్వుంది. బరువు దిగితే అదీ కరుగుతుంది. దిగకపోతే మీ కాలేయం ముక్క మీ చెల్లెలికి పనికిరాదు, మిమ్మల్ని వెనక్కి పంపేస్తాం,” అని మొహమాటం లేకుండా చెప్పాడు. చెల్లెలు రాజశ్రీకి ఇచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు. భర్త అమర్‌నాథ్ రక్తం కలవలేదు. పిల్లలిద్దరూ ఇంకా బడికి పోయే వయసు. మిగిలింది అన్న ఒక్కడే.

ఆ అంకెకు దిగడానికి గడువు ఇంకా తొమ్మిది రోజులు.

రంగనాయకులు కాటా దిగి నేరుగా వంటింట్లోకి పోయాడు. నూనె డబ్బా, నెయ్యి గిన్నె, శెనిక్కాయల పొడి, పిండి డబ్బాలు ఒక్కొక్కటే తెచ్చి నడవాలో వరసగా పెట్టాడు. గుమ్మానికి ఆనుకుని భార్య శారద చూస్తూ నిలబడింది. పూజకు కట్టుకున్న పట్టుచీర ఇంకా మార్చుకోలేదు.

“ఈ నెయ్యి దసరాకు నిండుగా ఉండె. ఇప్పుడు అడుగంటింది. ఎవరు తిన్నారు?”

“పండగలు రెండు పోయినాయి. వచ్చినోళ్ళూ పోయినోళ్ళూ తిన్నారు.”

“నా రొట్టెకు ఎంత పూసినావు?”

శారద చూపు నెయ్యి గిన్నె మీదికి పోయింది.

“అడిగేది నిన్నే. పెనం మీద పిసరంత పూస్తే కనపడదు అనుకుంటివా? నేను పోయి కడుపు కోయించుకునేది నీకు ఇష్టం లేదు. మొదటి నుంచీ తెలుసు నాకు.”

“నాన్నా!” అంటూ నవ్యశ్రీ గదిలోంచి వచ్చింది. దసరా సెలవులకు హాస్టలు నుంచి వచ్చి దీపావళి దాకా ఉండిపోయిన పిల్ల. వచ్చిన రోజు నుంచి తండ్రి తిన్న ప్రతి ముద్దా నోటుపుస్తకంలో రాసిపెడుతోంది.

“నువ్వుండు పాపా,” అంది శారద. గొంతు పెంచలేదు. “ఇష్టం లేదు. నిజమే. ఎవరికుంటుంది ఇష్టం? కానీ నేను కాదనాలంటే నాకు నెయ్యి ఎందుకండీ? పెండ్లాం సంతకం లేకుంటే కత్తి ముట్టమని వాళ్ళు ముందే చెప్పినారు. ఆ కాగితం మీద దసరా నాడు పూజగదిలో కూర్చొని సంతకం పెట్టినాను.  వద్దనుకుంటే ఆపొద్దే చించేసేదాన్ని. దొంగమాదిరి రొట్టెకు నెయ్యి పూసే ఖర్మ నాకేం పట్టింది?”

నరసన్న కాటా భుజాన వేసుకుని చప్పుడు చేయకుండా బయటికి జారుకున్నాడు.

రంగనాయకులు వ్యాపారి. ఎదుటివాడి మాటలో పస ఉందో లేదో వినగానే తెలుస్తుంది. భార్య మాటలో ఎక్కడా వేలు పెట్టే సందు లేదు. అయినా ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

“మరి ఎట్లా పెరుగుతుంది? గాలి తిని పెరుగుతానా?”

“లెక్క ప్రకారం నువ్వు ఎనభై రెండుకు దిగాల నాన్నా,” అంది నవ్యశ్రీ. పుస్తకం ముందర పెట్టింది. “రొట్టె నేనే తూచినాను. కూర తూచినాను. మజ్జిగ కూడా కొలిచినాను. రాసినదాంట్లో తప్పులేదు.”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పాడు. రొట్టె, ఎనభై గ్రాములు. తోటకూర, నూటయాభై. అన్నీ అంకెలే. ఒక్కచోట మాత్రం అంకె లేదు. ‘అత్త పిండి, రెండు గ్లాసులు.’ మరుసటి రోజు, ‘అత్త పిండి, మూడు గ్లాసులు.’

“ఇది తూచలేదా?”

“అమ్మ వద్దనింది.”

“ఆడపడుచు పంపింది తూకం వెయ్యరాదని మీ అమ్మే గదా చెప్పేది,” అంది శారద భర్తతో. “మీ తాతల కాలం నుంచి ఈ ఇంట్లో ఉండే పద్ధతే. డబ్బా మీద చీటీ ఉంది. రాగులు, కొర్రలు, మొలకెత్తిన పెసలు. అదే చూసి పాప అందాజుగా లెక్క వేసుకునింది.”

శెనిక్కాయ గింజ నుంచి పత్తి మూట దాకా తూచి తీసుకునే ఇల్లు. ఈ ఒక్క డబ్బాను తూకం వేయకుండా లోపలికి రానిచ్చింది. దసరా తర్వాత ఆకలేసినప్పుడల్లా, “నా చెల్లెలు పంపిన పిండి ఉంది గదా,” అని మజ్జిగలో కలుపుకుని తాగింది రంగనాయకులే. ఇంట్లో కడుపుకు హాయిగా ఉండేది అదొక్కటే అని మండీలో నలుగురికీ చెప్పుకున్నాడు కూడా.

డబ్బా మూత తీశాడు. చిటికెడు పిండి అరచేతిలో వేసుకుని బొటనవేలితో నులిమాడు. పిడికెడు పత్తి పిసికి తేమ ఎంతో చెప్పే చెయ్యి అది. పిండి రాలిపోలేదు. వేలికి అంటుకుని మెరిసింది. నాలుక మీద వేసుకున్నాడు. జీడిపప్పు. బాదం. నేతిలో వేయించిన శెనిక్కాయలు. అడుగున, బాగా కలిసిపోయేలా, పొడి చేసిన బెల్లం.

ఆయన ముఖం చూసి శారదకు అర్థమైపోయింది. గుమ్మం దగ్గర నుంచి కదలకుండా, “చెప్పండి ఇప్పుడు,” అంది.

రంగనాయకులు చెయ్యి తుడుచుకున్నాడు.

“ఈపొద్దు విదియ, చెల్లెలి చేతి అన్నం తినే రోజు. రాజశ్రీ అన్నానికి పిలిచింది. పోయొస్తాను.”

“పోయి రాండి. ఈ ఇంట్లో ఏది పెరిగినా, ఏది తగ్గినా తప్పు నాదే. అది రాసిపెట్టుకోండి ఆ పుస్తకంలో.”

ఆమె నెయ్యి గిన్నె తీసుకుని లోపలికి పోయింది. అదే ఆయనకు ఎక్కువ బాధనిపించింది.

* * *

చెల్లెలి ఊరికి పోయే ఎమ్మిగనూరు బస్సు కిటకిటలాడుతోంది. పండగకు పుట్టిళ్ళకు వచ్చినవాళ్ళు, పత్తి ఏరడానికి పోయే కూలీలు, సందు లేకుండా సంచులు. రంగనాయకులు ఒళ్ళో డబ్బా పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్టాండులో బొరుగుల ఉగ్గానికి తాలింపు వేసిన వాసన వచ్చింది. దాన్ని దాటేసరికి బజ్జీల వాసన. ఆకలికి తట్టుకోలేక కిటికీ అద్దం మూశాడు.

“సావుకారీ! ఏం, బస్సులో పోతాండావే!”

కోసిగి తిక్కయ్య. ఏటా పత్తి ఈయన మండీకే తెచ్చే రైతు. మనుమరాలిని ఎమ్మిగనూరులో దింపడానికి పోతున్నాడు. పక్కన ఇరుక్కుని కూర్చుని సంచిలోంచి కాగితం పొట్లం తీశాడు.

“మా కోడలు ఉచ్చీరమ్మ చేసింది. కజ్జికాయ. తీసుకో సావుకారీ.”

“వద్దు తిక్కయ్యా. ఇప్పుడే తిన్నాను.”

“ఒగటే గదప్పా. పండగనాడు వద్దంటారా?”

“కడుపులో బాగలేదు.”

తిక్కయ్య చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ముఖంలో నవ్వు పోలేదు గానీ కళ్ళలోంచి పోయింది. “మా పత్తికి పనికొస్తాము, మా ఇంటి కజ్జికాయ తింటే మాత్రం మైల అయితాదేమో,” అన్నాడు, మనుమరాలితో అన్నట్టు.

రంగనాయకులుకు ఒళ్ళు భగ్గుమంది. ఏమని చెప్పాలి? నా కాలేయం కోసి చెల్లెలికి పెడతారు, అందుకని నీ ఇంటి కజ్జికాయ తినను అని నలభై మంది మధ్య చెప్పాలా? చెప్పినా నమ్ముతాడా? దసరా నుంచి ఇదే వరస. వద్దన్న ప్రతి చోటా ఒక మాట పడింది. చక్కెర జబ్బు వచ్చిందన్నారు కొందరు. పిసినారితనం తిండికి కూడా పాకిందన్నారు ఇంకొందరు. ఇంతమంది దగ్గర చెడ్డ అయి సంపాదించింది ఏమిటంటే అరకిలో.

కజ్జికాయ తీసుకుని డబ్బా మీద పెట్టుకున్నాడు. తిక్కయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. 

* * *

రాజశ్రీ ఇల్లు అమర్‌నాథ్ బట్టల కొట్టు వెనకాలే ఉంటుంది. తలుపు తీసింది ఆమే. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి. కళ్ళు పచ్చగా ఉన్నాయి. చేతులు పుల్లల్లా ఉన్నాయి, కడుపు మాత్రం నీరు పట్టి నిండు నెలల మనిషికి మల్లే ఉంది. అయినా తలలో పూలు పెట్టుకుంది.

“లేటు చేస్తివే అన్నా. ఓళిగలు చల్లారిపోతాండాయి.”

వంటింట్లో పీట వేసి ఉంది. పీట ముందర అరిటాకు. ఆకులో చిత్రాన్నం, పప్పు, వంకాయ, మామిడికాయ ఊరగాయ, పూర్ణం నిండిన నాలుగు ఓళిగలు, వాటి మీద పేరిన నెయ్యి. కాస్త దూరంలో ఆమె కూర్చునే స్టూలు. గ్యాసు పొయ్యి దగ్గర నిలబడలేక స్టూలు మీద కూర్చునే అంతా వండింది.

రంగనాయకులు పీట మీద కూర్చోలేదు. డబ్బా తీసి ఆకు పక్కన పెట్టాడు.

“దీంట్లో ఏమేమి వేసినావు?”

“చీటీ రాసినా గదా. రాగులు, కొర్రలు...”

“ఇంకా?”

“పెసలు.”

“నా చేతికి అంటుకున్న నూనె పెసలదా రాజీ?”

రాజశ్రీ స్టూలు మీద కూర్చుంది. కొంగు చివర వేలికి చుట్టుకుంది. చిన్నప్పుడు తప్పు దొరికినప్పుడల్లా చేసే పనే అది.

“ఇరవై రోజులు!” అన్నాడు రంగనాయకులు. “మోకాళ్ళు కదిలిపోయేటట్టు కొండెక్కినాను. ఊరందరితో మాట పడినాను. పొద్దున మీ వదినను దొంగను చేసినాను, పిల్ల ముందర, హమాలీ ముందర. నువ్వు ఈడ కూర్చొని నాకు జీడిపప్పు పంపుతాంటివా?”

“వదినను ఏమన్నావు?” ఆమె చటుక్కున తలెత్తింది.

“అనకూడనిదే అన్నాను.”

“అయ్యో! ఆమెనెందుకన్నా? నన్ను అడగరాదా?”

“నిన్ను అనుమానించాలని ఎవరికి తోస్తుంది? బతకాల్సినదానివి నువ్వు గదా!”

బయట కొట్లో ఎవరో చీర ధర అడుగుతున్నారు. అమర్‌నాథ్ చెప్తున్న గొంతు వినిపిస్తోంది. 

“పరీక్షలకు పోయినప్పుడు నన్ను నాలుగు రోజులు వార్డులో పెట్టినారు, గుర్తుందా?” అంది రాజశ్రీ. “పక్క మంచం మీద ఒకాయన. తమిళాయన. ఆయనకు వాళ్ళన్న ఇచ్చినాడు. ఆపరేషను బాగా జరిగిందన్నారు. ఆయన లేచి కూర్చొని ఇడ్లీ తిన్నాడు. మూడో రోజు వాళ్ళన్న పోయినాడు.”

“వెయ్యిమందిలో ఒకరికి అట్లా...”

“ఆ ఒకరి పక్కన కూర్చున్నదాన్ని నేను. ఆయనకు చెప్పలేదు మూడు గంటలు. మా అన్న యాడ, మా అన్న యాడ అని నన్నే అడుగుతాండె. ఆ భాష నాకు రాదు. అయినా అర్థమైంది.” ఆమె కొంగు వదిలేసింది. “వద్దంటే నువ్వు వినవు. అమర్‌నాథ్ వినడు. డాక్టరు వద్దంటే అందరూ వింటారు. అందుకే పంపినాను. నీ బరువు దిగకుండా ఉంటే చాలు, ఇంకెవరూ ఎవరి మీదా నింద వెయ్యరు అనుకున్నాను.”

“నీకు రోజులు ఎన్నున్నాయో డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు.”

“విన్నాను.”

“మరి నీ పిల్లలు?”

“నీ పాప?” అంది రాజశ్రీ.

రంగనాయకులు జీవితంలో ఎన్నో బేరాలు చూశాడు. ఎంత మొండి బేరమైనా ఎదుటివాడికి ఏదో ఒకటి కావాలి, ఆ కావాల్సినదాన్ని పట్టుకుంటే దారి దొరుకుతుంది. ఈమెకు కావాల్సింది అన్న బాగుండడం. అన్నకు కావాల్సింది ఈమె బాగుండడం. ఇద్దరూ ఒకే సరుకు అమ్మజూస్తే కొనేవాడెవడు?

“సరే. కూర్చో ముందు,” అంది ఆమె. “ఈపొద్దు తోబుట్టువు చేతి అన్నం తినేది అన్నదమ్ముల ఆయుష్షు కోసం. పోట్లాట తర్వాత.”

“ఈ నెయ్యా? ఈ ఓళిగలా? నన్ను ఇక్కడే కట్టేసేదానికి గదా ఇదంతా.”

“తినకుండా పోతావా? ఇన్నేండ్లలో ఒక్కసారన్నా నా చేతి అన్నం తినకుండా పోయినావా ఈ రోజు?”

తింటే అరకిలో. తినకపోతే చెల్లెలి ముఖం. అదీ ఎన్నేళ్ళు చూడగలడో తెలియని ముఖం. రంగనాయకులు వంటింటి గట్టు వైపు చూశాడు. అక్కడ మూత పెట్టిన స్టీలు కంచం ఉంది. లేచి మూత తీశాడు. మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పు వేయని పెసరపప్పు, సొరకాయ ముక్కలు. ఒంట్లో నీరు చేరకుండా డాక్టరు రాసిచ్చిన రాజశ్రీ తిండి అది.

“ఇది ఎవరు వండినారు?”

“నేనే. దాని జోలికి పోవద్దు, ఉప్పు లేదు.”

“నీ చేతి అన్నమే గదా. ఇదే పెట్టు.”

“అన్నా!”

“ఆయుష్షు నీ చేతిలో ఉందా, నేతిలో ఉందా?”

కంచం తీసుకుని పీట మీద కూర్చున్నాడు. అరిటాకును ఒక చేత్తో పక్కకు జరిపాడు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. రుచీ పచీ లేదు. తడి కాగితం నమిలినట్టుంది. ఇది ఈమె ఆరు నెలలుగా మూడు పూటలా తింటోందని ఆయనకు అప్పుడు తోచింది. మింగి, రెండో ముద్ద కలిపాడు.

“ఈ తొమ్మిది రోజులు నేను ఈడనే ఉంటాను. నువ్వేం తింటే అదే తింటాను. మండీ నరసన్న చూసుకుంటాడు. రోజూ పొద్దున బజారు చుట్టూ నాలుగు మార్లు నడుస్తాను. ఎనభై రెండు కాదు, ఎనభై ఒకటికి దిగుతాను చూడు.”

“వదిన?”

“ఫోను చేస్తాను. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. ఆమెతో తప్పు చేసింది నేను, నువ్వు కాదు.”

రాజశ్రీ కాసేపు ఆయన తింటుంటే చూసింది. తర్వాత స్టూలు మీది నుంచి మెల్లగా, గోడ పట్టుకుని, కిందికి దిగి నేల మీద కూర్చుంది. అలా కూర్చుంటే మళ్ళీ లేవడానికి ఇద్దరు పట్టాలి. అరిటాకును తన వైపు లాక్కుంది.

“ఏం చేస్తాండావు?”

“నా కంచం నువ్వు తింటాండావు. నీ ఆకు నేను తింటాను.”

“రాజీ, ఆ ఊరగాయ... డాక్టరు ఏం చెప్పినాడు? చిటికెడు ఉప్పు కూడా...”

“తెలుసు. నా ఒళ్ళు చెడితే నన్నూ వెనక్కి పంపేస్తారు. నువ్వు ఒక ముద్ద తింటే నేనొక ముద్ద తింటాను. తొమ్మిది రోజులు గదా? చూద్దాం, బెంగళూరుకు ఎవరు పోతారో.”

ఊరగాయ ముక్క, దాని చుట్టూ చిత్రాన్నం, పిడికిలి నిండా పట్టుకుని నోటి దగ్గరికి తీసుకుపోయింది. రంగనాయకులు కంచం వదిలేసి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఎంగిలి చేత్తోనే పట్టుకున్నాడు. ఊరగాయ నూనె ఇద్దరి వేళ్ళ మీదుగా నేల మీద పడింది.

“విడువు అన్నా.”

“నువ్వు విడువు.”

చప్పుడు విని అమర్‌నాథ్ కొట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. భుజం మీద కొలిచే టేపు వేలాడుతోంది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నేల మీద కూర్చున్న అన్నాచెల్లెళ్ళను, వాళ్ళ మధ్య చెదిరిన ఆకును, పక్కన పిండి డబ్బాను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“బావా, ఏమైంది? ఏం పెట్టింది నీకు?”

 రంగనాయకులు పట్టు బిగించాడు. చేతిలో ఏమీ ఉన్నట్టు లేదు, అంత తేలిక ఆ చెయ్యి. ఇంకాస్త గట్టిగా పట్టుకుంటే విరిగిపోతుందని భయమేసింది.

రాజశ్రీ మాత్రం పిడికిలి విప్పలేదు.